రాజు రాకముందే ఊరుంది

జంషెడ్‌పూర్ వయసెంత అంటే వందేళ్ల పైచిలుకు అంటారు. 1907లో టాటాల ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో సాక్చి పేరు జంషెడ్‌పూర్‌గా మారింది. ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు తెలిసిన చరిత్రా ఇదే. అంతకుముందు అక్కడున్నది అడవి, కొన్ని ఆదివాసీ పల్లెలు అనే ఒక్క వాక్యంతో పాత కథ ముగిసిపోతుంది.

ఆ పల్లెల కింది నేల మాత్రం వేరే కథ చెబుతోంది. సింగ్‌భూమ్ ప్రాంతంలోని బారుడీహ్ తవ్వకాల్లో నునుపు చేసిన రాతి గొడ్డళ్లు, సారె మీద చేసిన కుండల పెంకులు, ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం బయటపడ్డాయి. వాటి కాలం సుమారు మూడు వేల ఏళ్ల కిందట. బ్లాస్ట్ ఫర్నేస్ రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడ ఇనుము తీసే విద్య ఉందన్నమాట. లేనిది రాజధాని, కోట, శాసనం. అందుకే ఈ నేల చరిత్ర పుస్తకాల్లో చివరి వరుసకు పరిమితమైంది.

సంక్లిష్ట సమాజం ఎలా పుడుతుందన్న ప్రశ్నకు పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ 1930లలో ఒక వరుస చెప్పారు. సాగు వస్తే మిగులు ధాన్యం వస్తుంది. మిగులుంటే పొలానికి వెళ్లకుండా బతికే కుమ్మరి, కమ్మరి, పూజారి వస్తారు. ఆ పైన పన్ను, రాజు, లిపి. మెసపొటేమియాలోని ఉరుక్‌కు ఈ లెక్క చక్కగా సరిపోయింది.

అన్నిచోట్లా సరిపోలేదు. టర్కీలోని చాతల్‌హుయుక్‌లో సుమారు తొమ్మిది వేల ఏళ్ల కిందట వేలమంది రైతులు ఇల్లిల్లూ ఆనుకుని బతికారు. వెయ్యేళ్లకు పైగా సాగిన ఆ ఊళ్లో రాజభవనం ఆనవాలే దొరకలేదు. తెలుగు నేల మీదా ఇలాంటి సాక్ష్యముంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వితే పశువుల దొడ్లు, గిట్టల గుర్తులు కనిపించాయి. పేడ కుప్పలను పదేపదే తగలబెట్టగా పేరుకున్న దిబ్బ అది. తరతరాలుగా జనం ఒకే చోట కూడి ఒక పని చేశారంటే వాళ్ల మధ్య ఏదో కట్టుబాటు ఉండాలి. దానికి సింహాసనమే అక్కర్లేదు.

ఆ కట్టుబాటు ఎలా ఉండవచ్చో ఊహించుకోవడానికి ఛోటానాగ్‌పూర్ ఒక ఉదాహరణ. ముండాల ఖుంట్‌కట్టి పద్ధతిలో అడవి కొట్టి ఊరు కట్టిన వంశానిదే భూమి, అదీ ఉమ్మడిగా. పూర్వీకుల అస్థికలపై పరిచిన ససన్‌దిరి రాళ్లే వాళ్ల పట్టాలు. కొల్హాన్‌లోని హో తెగ గ్రామాల్లో ఊరి పెద్దను ముండా అంటారు, కొన్ని ఊళ్లకు కలిపి ఉండే పెద్దను మాన్కీ అంటారు. 1837లో కెప్టెన్ విల్కిన్సన్ ఈ ఏర్పాటును రద్దు చేయలేదు. దాని ద్వారానే పాలన నడిపించారు.

మరోవైపు నాగవంశీ రాజులు వచ్చాక జాగీర్లు వచ్చాయి. బయటి నుంచి వచ్చినవారికి ఊళ్లు ధారాదత్తమయ్యాయి. అడవి కొట్టినవాడు కౌలుదారయ్యాడు. 1831-32 కోల్ తిరుగుబాటు, 1899-1900లో బిర్సా ముండా ఉల్‌గులాన్ ఆ మంటలోంచే పుట్టాయి. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చి ఖుంట్‌కట్టిని గుర్తించింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. నేటి ముండా, హో గ్రామాలు మూడు వేల ఏళ్ల నాటి బారుడీహ్‌కు నకళ్లు కావు. రాతి గొడ్డలి తన యజమాని ఏ భాష మాట్లాడాడో చెప్పదు. రెండోది, రాజు లేనంత మాత్రాన అందరూ సమానులని కాదు. వెనక వచ్చి స్థిరపడినవారికి ఖుంట్‌కట్టి హక్కుల్లేవు. స్త్రీలకు వారసత్వ భూమి లేదు. హో మహిళల పక్షాన సాగిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ ఆచారాన్ని కొట్టివేయలేదు. భూమి మీదే ఆధారపడి బతికే మహిళలను మాత్రం అక్కడి నుంచి కదిలించకూడదంది.

అయినా ఈ చర్చ మ్యూజియం గోడలకు పరిమితం కాదు. 2016లో జార్ఖండ్ ప్రభుత్వం ఆదివాసీ భూమిని వ్యవసాయేతర అవసరాలకు వాడుకునేలా ఆ 1908 చట్టానికి సవరణ తెచ్చింది. 2017లో నాటి గవర్నర్ ద్రౌపది ముర్ము బిల్లును వెనక్కు పంపారు. ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. ఆ రోజుల్లోనే ఖూంటీ జిల్లాలో గ్రామసభ హక్కులను రాళ్ల మీద చెక్కి ఊరి పొలిమేరల్లో పాతారు. పాతినవారిపై రాజద్రోహం కేసులు పడ్డాయి. వాటిని ఎత్తేయాలని 2019 చివర్లో వచ్చిన కొత్త ప్రభుత్వం నిర్ణయించింది.

రాజ్యం లేని సమాజాన్ని ఎదగని సమాజంగా లెక్కగట్టడం అలవాటైతే, దాని భూమిని ఖాళీ భూమిగా లెక్కగట్టడం పెద్ద కష్టమేమీ కాదు. పురావస్తు శాస్త్రం ఆ మొదటి లెక్కను సరిదిద్దుతోంది. రెండోదాన్ని సరిదిద్దాల్సింది చట్టసభలు, కోర్టులే.