డిస్కు ఎర్రబడితే కంగారెందుకు?

తంబళ్లపల్లెలో వాన పడటమే ఓ విశేషం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ, గాలి, దుమ్ము. ఇలాంటి చోట కారు బ్రేకులకు తుప్పేమిటి అనిపిస్తుంది. కానీ ఏ అక్టోబరులోనో నవంబరులోనో తుపాను ముసురు రెండ్రోజులు పట్టి వదిలాక, వాకిట్లో ఉన్న కారు చక్రం సందుల్లోంచి ఓసారి లోపలికి చూడండి. మొన్నటిదాకా అద్దంలా మెరిసిన బ్రేకు డిస్కు ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. కొత్తగా కారు కొన్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు. ‘నాసిరకం సామాను వేసి అంటగట్టారు’ అంటూ షోరూం వాళ్లమీద విసుర్లు మొదలు!

నిజానికి ఆ ఎరుపును చూసి భయపడాల్సిన పనే లేదు. డిస్కును పోత ఇనుముతో చేస్తారు. అది వేడిని త్వరగా లాగేసుకుంటుంది, అదురును అణుస్తుంది, పైగా చవక. ఇన్ని మంచి గుణాలున్నా నీళ్లు తగిలితే మాత్రం గంటల్లోనే తుప్పు పడుతుంది. మరి రంగు పూయొచ్చు కదా? ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా చెక్కుచెదరలేదు కదా? ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన పలుచని రక్షణ పొర ఏర్పడింది. దాన్ని రోజూ గీకేవాళ్లెవరూ లేరు. డిస్కు సంగతి అలా కాదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ రెండు ప్యాడ్లు అటూ ఇటూ నొక్కి ఒరుస్తాయి. ఏ పూతా నిలవదు. అయితే ఆ ఒరిపిడే పైపై తుప్పునూ తుడిచేస్తుంది. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ నాలుగైదుసార్లు బ్రేకు తొక్కండి. కాసేపు గరగరమంటుంది, తర్వాత మళ్లీ అద్దమే.

అసలు చిక్కు కదలని కారుతో. తంబళ్లపల్లె, మదనపల్లె చుట్టుపక్కల నుంచి బెంగళూరుకో కువైట్‌కో పనికి వెళ్లినవాళ్లున్న ఇళ్లు తక్కువేమీ కాదు. మోజుగా కొన్న కారు వాళ్లు తిరిగొచ్చేదాకా పట్ట కప్పుకుని నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ప్యాడ్లు ఆనుకున్నచోట తేమ చిక్కుకుని అక్కడ తుప్పు లోతుగా తినేస్తుంది. తర్వాత ఎన్నిసార్లు బ్రేకు తొక్కినా ఆ గుంటలు పోవు, పెడలు దడదడలాడుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే మరీ ఘోరం. వెనక డ్రమ్ములకు లోపలి షూలు అతుక్కుపోయి, కారు కదలనని మొరాయిస్తుంది.

ఇదైనా కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. కనిపించని తుప్పు కాలిపర్‌లో ఉంటుంది. డిస్కును పటకారులా పట్టుకునే భాగమిది. చిన్న కార్లలో సాధారణంగా ఒకే పిస్టన్ ఉంటుంది. బ్రేకు తొక్కితే అది లోపలి ప్యాడ్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి కాలిపర్ పక్కకు జరిగి బయటి ప్యాడ్‌నూ డిస్కుకు అదుముతుంది. ఇలా జరగడానికి ఆధారం వేలెడంత పిన్నులు రెండే రెండు. తలుపు గడియలా అవి సాఫీగా జారాలి. వాటి మీది రబ్బరు తొడుగు చినిగిందంటే నీళ్లూ మట్టీ లోపలికి పోతాయి, గ్రీజు ఎండిపోతుంది, పిన్ను బిగుసుకుంటుంది. షెడ్డుల్లో ‘పట్టేసింది’ అనేది దీన్నే. అప్పుడు బ్రేకు వదిలినా ప్యాడు డిస్కును వదలదు. మైలేజీ పడిపోతుంది, ఒక ప్యాడు రెండోదానికంటే ముందే అరిగిపోతుంది, కారు ఓ పక్కకు లాగుతుంది.

చదును రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. శివరాత్రికి ఇంటిల్లిపాదీ మల్లయ్యకొండకు వెళ్లొస్తున్నప్పుడో, సెలవుల్లో పిల్లల్ని హార్స్‌లీ హిల్స్ తీసుకెళ్లి దిగుతున్నప్పుడో తెలుస్తుంది. పట్టేసిన బ్రేకు ఒరుసుకుంటూ కాగిపోతుంది. ఆ వేడి బ్రేకు ఆయిల్‌కు ఎక్కుతుంది. మనం ఆయిల్ అంటాం గానీ, అది గాల్లోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరిందంటే ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. కాలు నొక్కితే బుడగ నలుగుతుందే తప్ప ప్యాడు కదలదు. పెడలు అడుక్కి పోతుంది, కారు ఆగదు. పైగా ఆ చేరిన నీరే పిస్టన్‌కు లోపలి నుంచీ తుప్పు పట్టిస్తుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే. సర్వీసు బిల్లులో జనం ముందుగా కొట్టేయించేది ఈ పద్దునే కావడం విచిత్రం.

ఇంట్లో చేయగలిగిందీ ఉంది. కారు కడిగిన వెంటనే నిలబెట్టేయకుండా వీధి చివరిదాకా తిప్పి, మెల్లగా బ్రేకు తొక్కి తేమ ఆరనివ్వండి. దూరప్రయాణం నుంచి రాగానే, కాగి ఉన్న డిస్కు మీద చన్నీళ్లు కొట్టకండి. వాడని కారును కనీసం వారానికోసారి ఎవరిచేతైనా పది కిలోమీటర్లు నడిపించండి. ఇంజిన్ స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచి ఆపేస్తే బ్యాటరీకి, బ్రేకులకు ఒరిగేదేమీ లేదు. నెలల తరబడి ఆపాల్సొస్తే చదును నేల మీద గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలేయండి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిన్నులు కూడా విప్పి తుడిచి గ్రీజు పెట్టమని మెకానిక్కుకు గట్టిగా చెప్పాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, బ్రేకుల కోసం చేసే సిలికాన్ గ్రీజే వాడాలి.

తుప్పు వదలాలని డిస్కు మీద నూనె చుక్క పడనిచ్చారో ప్యాడ్లు దాన్ని పీల్చుకుంటాయి, బ్రేకు జారుతుంది. బాత్రూం యాసిడ్‌తో చక్రాలు రుద్దేవాళ్లూ ఉన్నారు! మచ్చలు పోవడం అటుంచి, లోపలి ఇనుము మర్నాటికల్లా ఎర్రబడుతుంది. ఎర్ర కాలిపర్లు స్టైలుగా ఉంటాయని రంగు వేయించే కుర్రాళ్లు వేడికి తట్టుకునే రంగే ఎంచుకోవాలి. పిన్నులకు, రబ్బరు తొడుగులకు, ప్యాడ్లు ఆనే చోట అది అంటకూడదు.

ఎలక్ట్రిక్ కారుంటే ఈ బెడద తప్పుతుందనుకుంటే పొరపాటు. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ, తుప్పుకు తీరిక ఎక్కువ. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3 ఎలక్ట్రిక్ కారుకు వెనక డిస్కులు కాదని మూసి ఉండే డ్రమ్ములు పెట్టిన కారణాల్లో ఇదీ ఒకటి.

చెన్నై నుంచి సెకండ్‌హ్యాండు కారు తెచ్చుకునేవాళ్లు మరికాస్త జాగ్రత్తపడాలి. సముద్రపు గాలిలోని ఉప్పు తుప్పును తొందరపెడుతుంది. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకూ అక్కడ ఎన్నో కార్లు నీట మునిగాయి. బేరం కుదరకముందే ఓ చక్రం విప్పించండి. కాలిపర్ వెనక గాలి తీసే చిన్న స్క్రూ తుప్పుతో మూసుకుపోయిందా, రబ్బరు తొడుగులు పగిలాయా చూడండి. తర్వాత పెద్దగా బ్రేకు వేయకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి, దిగి, ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, దగ్గరగా ఉంచితే చాలు. ఒకటి చల్లగా, రెండోది సెగలు కక్కుతూ ఉంటే కాలిపర్ బాగు చేయించే ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగాల్సిందే.