నొప్పి ఎన్ని అణాలు?



ఈ శీర్షికలో నేను మామూలుగా రాసేవి డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాలు, పెన్షను కాగితాల సంగతులు. గత సంచికలో జాయింటు ఖాతాల గురించి చదివి, బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. భర్తకు కేన్సరట. ఖాతా సంగతి వివరంగా అడిగి, చివర్లో ఒక్క మాట చేర్చారు. ఆయన రాత్రిళ్లు నొప్పితో నిద్రపోవటం లేదనీ, అడిగితే నర్సమ్మలు ఓర్చుకోమంటున్నారనీ. ఖాతా సంగతి ఆమెకు విడిగా రాసి పంపాను. ఆ చివరి మాటకు జవాబు మాత్రం అందరూ చదవాలని ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టరును కాను, బి.కాం. చదువుకున్న బ్యాంకు ఉద్యోగిని. కాని ఈ విషయంలో మా ఇంట్లో ఒక తప్పు జరిగింది. అందులో పెద్ద వాటా నాదే.

మా పెద్దక్కయ్యది హోసూరు. మా అమ్మ పోయాక నన్ను చదివించింది ఆవిడే. 2019లో రొమ్ము కేన్సరు వెన్నెముకకు పాకిందని తెలిశాక, వైద్యానికి బెంగుళూరులో మా ఇంటికి తీసుకొచ్చాను. ఆస్పత్రి పేరు అనవసరం. డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాశారు, నాలుగు గంటలకొకటి వేయమన్నారు. చీటీలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. వార్డులోంచి బయటికొస్తుంటే అక్కడి నర్సు, పాపం మంచి మనసుతోనే, నన్ను పక్కకు పిలిచి చెప్పింది: “ఇది మత్తుమందు సార్, అలవాటైపోతుంది. మరీ తట్టుకోలేనప్పుడే వేయండి.”

నాకు ఆ మాటే నచ్చింది. మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేశాను. అక్కయ్య అడిగితే, “ఇంకాసేపు ఓర్చుకో అక్కా” అనేవాణ్ణి. నాలుగు రోజులకు ఆవిడ అడగటం మానేసింది. నొప్పి తగ్గిందనుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక రాత్రి మంచినీళ్లకని లేచి చూస్తే, చీకట్లో కూర్చుని తువ్వాలు పంటికింద పెట్టుకుని ఉంది. “నువ్వు పొద్దున్నే ఆఫీసుకు పోవాల గదరా, ఎందుకు లేపేదని” అంది.

ఇంటికొచ్చి రోగులను చూసే ఒక సేవాసంస్థ ఉందని స్నేహితుడొకరు చెబితే కబురు చేశాను. వచ్చింది ఒక నర్సు, మలయాళీ అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో. కన్నడం, తమిళం వచ్చు. బీ.పీ. చూసి వెళ్లిపోతుందనుకున్నాను. ఆ అమ్మాయి మంచం పక్కన ముప్పావుగంట కూర్చుంది.

సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో చెప్పమంది. అక్కయ్యకు ఆ లెక్క అర్థం కాలేదు. అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: “రూపాయికి ఎన్ని అణాలమ్మా?” అణాలు పోయి అరవై ఏళ్లు దాటినా మా అక్కయ్య నోట్లో పోలేదు. తడుముకోకుండా, “పద్నాలుగణాలు” అంది. ముప్పై ఏళ్లుగా లెక్కలు చూస్తున్న నేను, మూడు వారాల్లో ఒక్కసారైనా ఆ లెక్క అడగలేదు!

తర్వాత, నొప్పి ఎలా ఉంటుందని అడిగింది. అంత బాధలో అక్కయ్యకు కన్నడమూ రాలేదు, తమిళమూ రాలేదు. “నడుం సలపతా ఉంది, కాల్లోకి కరెంటు కొట్టినట్లు జిల్లుమంటాది, పాదం మంట, చీమలు పారినట్లు” అంది. నేను “నోవు” అని ఒక్క ముక్కలో తర్జుమా చేసేశాను. ఆ అమ్మాయి ఊరుకోలేదు. “ఆవిడ నాలుగు మాటలు చెప్పారు, మీరు ఒకటే చెప్పారు” అంది. ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పించుకుని రాసుకుంది. సలుపు ఎముకది, మంటా జిల్లుమనటమూ నరానిది. నరం నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, వేరే మందు తోడు కావాలి. ఆ సాయంత్రమే డాక్టరుతో మాట్లాడి అది రాయించింది.

మాత్రల చీటీ చూసి నన్ను తిట్టలేదు, గడియారం చూపించింది. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. నడిరాత్రి లేపే పని లేకుండా రాత్రి మోతాదు రెండింతలు చేస్తామని డాక్టరును అడిగి చెప్పింది. నొప్పి వచ్చాక దాని వెంట పరుగెత్తకూడదట, అది రాకముందే మందు అందాలట. వాయిదా తప్పితే వడ్డీ మీద వడ్డీ పెరుగుతుందని నేను జనానికి చెప్పేవాణ్ణే గదా, నాకది తట్టలేదు.

అలవాటు మాట కూడా అడిగాను. డాక్టరు పర్యవేక్షణలో నొప్పి కోసం వాడే కేన్సరు రోగి వ్యసనపరుడు కావటం అరుదని చెప్పింది. శరీరం మందుకు అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. అందుకే ఉన్నట్టుండి మానకూడదు, క్రమంగా తగ్గించాలి. మొదటి రోజుల్లో మగత, వికారం ఉంటాయి, చాలామందికి అవి సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. దానికి మొదటి రోజు నుంచే విరేచనం మందు ఇవ్వాలి. మనిషి లేపినా లేవనంత మత్తులో ఉన్నా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. మాత్రలు తాళంలోనే ఉండాలి, కాని అది పిల్లలకు అందకుండా, రోగికి అందకుండా కాదు.

ఆ తర్వాత నేను కొంత చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే కేన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతి చెప్పింది. తక్కువ నొప్పికి పారాసెటమాల్ లాంటివి, మధ్యరకానికి కోడీన్ లాంటివి, తీవ్రమైన దానికి మార్ఫిన్. వీలైనంత వరకు నోటి ద్వారా, గడియారం ప్రకారం. అమెరికాలో మార్గో మెకాఫరీ, బెట్టీ ఫెరెల్ అనే ఇద్దరు నర్సులు 1987లో తోటి నర్సులకు నొప్పి గురించి ఏం తెలుసో పరీక్షించే ప్రశ్నాపత్రం తయారుచేశారు. నిద్రపోతున్న రోగికి నొప్పి ఉండవచ్చా, ఉత్తి నీళ్ల ఇంజక్షనుతో తగ్గితే అది అబద్ధపు నొప్పేనా, ఇలాంటివి అందులో ఉంటాయి. దాన్ని ఎన్నో దేశాల్లో వాడి చూశారు. చాలాచోట్ల బయటపడిన లోటు ఒకటే: వ్యసనం గురించి అతిభయం, రోగి మాట మీద అపనమ్మకం. అంటే మా వార్డు నర్సు ఒక్కతే కాదు.

ఆమెను తప్పుపట్టటానికీ లేదు. మన దేశంలో 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగవ్యాపారాన్ని అరికట్టడం దాని ఉద్దేశం. కాని లైసెన్సుల చిక్కులకూ, శిక్షల భయానికీ చాలా ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచటమే మానేశాయి. ఆ మందు వాడటం కళ్లారా చూడకుండానే ఎందరో డాక్టర్లు, నర్సులు చదువు ముగించారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులువు చేశారు. చట్టం మారినంత త్వరగా భయం మారదు. కేరళలో మాత్రం 1993లో కోళిక్కోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన సంఘం నుంచి ఇంటింటికీ వెళ్లే నర్సుల పద్ధతి పెరిగింది. మా ఇంటికొచ్చిన అమ్మాయి అక్కడ శిక్షణ పొందినదే.

బ్యాంకులో కాగితం లేనిదే ఎవరి మాటా నమ్మం. అది మా ధర్మం. నొప్పికి కాగితం లేదు, స్కానులో కనపడదు. మనిషి చెప్పిందే రుజువు. నేర్చిన నర్సుకూ నేర్వని నర్సుకూ తేడా అక్కడే ఉంది. మొదటిది అడుగుతుంది, నమ్ముతుంది, రాసుకుంటుంది, మందిచ్చాక మళ్లీ అడుగుతుంది.

మనబోటి ప్రవాస కుటుంబాలకు ఇంకొక మాట. మనకు బయట కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ బాగానే వచ్చు. కాని నొప్పి వచ్చినప్పుడు పెద్దవాళ్లకు గుర్తొచ్చేది అమ్మ భాషే. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, గుంజుడు – ఇవన్నీ ఒకటి కావు. మంచం పక్కన ఉన్న మనవడికి ఆ మాటలు తెలియకపోతే నర్సుకు ఎవరు చెబుతారు? పిల్లలకు పద్యాలతోపాటు ఈ మాటలు కూడా నేర్పుదాం.

బరంపురం సోదరికి నా మనవి. ఒక నోటుపుస్తకం తీసుకోండి. తేదీ, వేళ, నొప్పి ఎన్ని అణాలు, ఎక్కడ, ఎలాంటిది, మందిచ్చిన గంటకు ఎన్ని అణాలకు దిగింది రాయండి. ఆయన మాటల్లోనే రాయండి. అది డాక్టరుకూ, నర్సుకూ చూపించి, “నొప్పి తగ్గించే వైద్యవిభాగం ఇక్కడ ఉందా?” అని అడగండి. ఓర్చుకోమంటే మళ్లీ అడగండి. మందు మోతాదు డాక్టరే నిర్ణయించాలి, నేను రాసిన వేళలు అందరికీ వర్తించవు.

మా పుస్తకంలో పద్నాలుగణాలు పది రోజులకు నాలుగణాలయింది. 2020 సంక్రాంతికి అక్కయ్య మంచం మీద దిళ్లకానుకుని, నానబెట్టిన అనపగింజలు గిన్నె నిండా పితికింది. ఆ పూట మా ఇంట్లో పితికిపప్పు కూర ఆవిడ చెప్పినట్టే వండారు. ఫిబ్రవరి నెలాఖరులో పోయింది, నిద్రలోనే. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. మొదటి మూడు వారాల పేజీలు అందులో లేవు.

వచ్చే సంచికలో మళ్లీ మన లాకర్లు, నామినేషన్ల సంగతి. అంతవరకూ సెలవు.