రక్తపిశాచముల యింట వధువు

ఈ మాసము మేము ముచ్చటింపదలచినది జపాను దేశపు బొమ్మల కథ యొకటి. గీచిన బొమ్మలను గదలునట్లు చేసి తీయు చిత్రములకు ఆ దేశమున అనిమే యని పేరు. అవి పసిబిడ్డల వినోదమునకు మాత్రమే యని తలంపరాదు. ఈడు వచ్చిన కన్యలకై తీయబడునవియు బెక్కులు గలవు. మన యిండ్లలోని బాలికలును చేతిలోని చిన్న తెరపై వానిని జూచుచున్నారు. కావున తల్లులు వాని గుణదోషములను గొంత యెఱిగియుండుట మేలని మా యభిప్రాయము.

మేము చెప్పబోవు కథ పేరు "డయాబోలిక్ లవర్స్". ఇది పుట్టుకతో చిత్రము గాదు, ఆట. రెజెట్ అను సంస్థ 2012వ సంవత్సరమున దీనిని చేతిలో నిమిడెడు ప్లేస్టేషన్ పోర్టబుల్ యంత్రమునకై వెలువరించెను. ఆ మఱుసటి యేడు 2013లో 12 భాగముల చిత్రమై వచ్చినది. 2015లో మఱి 12 భాగములు తోడైనవి. ఒక్కొక్క భాగము పావుగంటకు మించదు.

ఇట్టి యాటలకు జపానులో ఓతోమే ఆటలని వాడుక. ఓతోమే యనగా కన్య. 1994లో కోయీ సంస్థయందలి రూబీ పార్టీ యను స్త్రీల బృందము వెలువరించిన "ఆంజెలీక్" ఈ తెగకు మొదటిదని యెంచుదురు. ఇందు చాల వానిలో పరుగులును తుపాకులును నుండవు. నవల చదివినట్లు చదువుకొనుచు బోవలెను. నడుమ నడుమ, నాయిక యేమి పలుకవలెను, ఎవరి వెంట బోవలెను అను ప్రశ్నలు వచ్చును. ఆడుచున్న కన్యయే యుత్తరము నెంచుకొనును. ఆ యెంపికను బట్టి నాయకుడు మాఱును, ముగింపును మాఱును. నచ్చనిచో మొదటికి బోయి వేఱొక దారి త్రొక్కవచ్చును.

ఇక కథ. కొమోరి యుయి యొక క్రైస్తవ మతగురువు పెంచిన బాలిక. ఆయన పరదేశమునకు బోవుచు ఆమెను సకామకి వారి భవనమునకు బంపును. అందు ఆరుగురన్నదమ్ములు గలరు. తండ్రి యొక్కడే, తల్లులు మువ్వురు. వారు నెత్తురు ద్రాగి బ్రతుకు రక్తపిశాచములు. ఆమెను బలికి వచ్చిన వధువుగా నెంచి, పాఱిపోవుటకు వీలులేదని బెదరింతురు. తన్నేల యచ్చటికి బంపిరన్నది యీ కథలోని రహస్యము. తాను ఆ మతగురువునకు గన్నబిడ్డ గాననియు, తన యెదలో గొట్టుకొనుచున్న హృదయము ఆ యన్నదమ్ములలో మువ్వురికి దల్లియైన కార్డీలియాదనియు ఆమెకు గ్రమముగా దెలియవచ్చును.

భయము గొలుపు కథలు కన్యలకు రుచించుట వింత గాదు. విక్రమార్కుని భుజముపై శవమునందలి బేతాళుడు కథలు చెప్పుట విని మనమును పెరిగితిమి. తలుపు గడియ వేసికొని, దీపము దగ్గఱ గూర్చుండి భయపడుట యొక సుఖము. మేము దానిని నిందింపము. మా చింత వేఱు.

ఆటయందు కన్య యాఱుగురిలో నొకని నెంచుకొని, అతని కథను దీర్ఘముగా జదువును. అతడేల యిట్లు క్రూరుడయ్యెనో తెలియును. ఎంచినది తాను, ఆపగలిగినదియు దాను. చిత్రమునందీ యెంపిక లేదు. ఆరు కథలను పండ్రెండు పావుగంటలలో గ్రుక్కిరి. నేడొకడు గఱచును, ఱేపు వేఱొకడు గఱచును. ఏ యొక్కనికిని మనసు మాఱుటకు దీరిక లేదు. యుయి వలదనును, వేడుకొనును, ఓర్చుకొనును, అంతియే. ప్రేమకు జోటు తగ్గి హింస మిగిలినది. ఆ హింసకు సుందరమైన ముఖములును, మధురమైన గొంతులును గూర్చినందున జూచువారికది ప్రేమ వలెనే తోచును. ఇదియే ప్రమాదము.

రక్తపిశాచ కథలన్నియు నిట్టివే యనరాదు. 1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన "డ్రాక్యులా" నవలలో మీనా యను స్త్రీ గలదు. ఆమెయు ఆ పిశాచము వాత బడినదే. అయినను అందఱి దినచర్యలను, లేఖలను టైపు చేసి, తేదీల వరుసను గూర్చి, శత్రువు జాడ తెలియుటకు దోడ్పడినది ఆమెయే. యుయికిని రహస్యము తెలిసినది గాని, తెలిసిన దానితో నేమైన జేయు నవకాశమును కథ యామెకు మిక్కిలి తక్కువగా నిచ్చినది.

ఈ కథలో తల్లులు గమనింపదగిన విషయమొకటి గలదు. అన్నదమ్ములలో నొకడైన ఆయాటోను, అందఱికంటె మిన్న కావలెనని తల్లి బాల్యమున వేధించినది. ప్రేమ నెఱుగని బిడ్డ పెద్దవాడై యితరులను వేధించుట లోకమున గనబడునదే. ఇది సత్యమే. కాని క్రూరత్వమునకు గారణము దెలియుట వేఱు, దానిని సహించుట వేఱు. "పాపము, చిన్ననాడు కష్టపడెను" అని భర్త చేతి దెబ్బలు దిన్న స్త్రీలను మన మెఱుగుదుము. ఆ మాటయే వన్నెలు దిద్దుకొని బాలికల యెదుటికి వచ్చినప్పుడు మన మూరకుండరాదు.

అయిన నేమి చేయవలెను? యంత్రమును లాగికొన్నచో బాలిక చాటున జూచును. ఇది చిన్నపిల్లలకు దగినది గాదు; ఆ మాట నిక్కముగా జెప్పుడు. పెద్ద బాలికయైనచో ప్రక్కన గూర్చుండి యొక భాగమైన జూడుడు. నవ్వకుడు, మందలింపకుడు. పిదప నొక్క ప్రశ్న యడుగుడు: "అమ్మా, ఆ పిల్ల వలదన్నప్పుడు వారిలో నెవడైన ఆగెనా?" ఉత్తరము నామెయే వెదకికొననిండు. వలదన్నచో నాగువానిని, ఆగనివానిని వేఱుగా గుర్తింప నేర్చిన బాలిక యెన్ని పిశాచ కథలు చూచినను మాకు భయము లేదు.