గొంతులో వెలక్కాయ... మాటలో బొంగురు!

నాలుగు రోజులు గొంతు పట్టేస్తే మిరియాల పాలు తాగి ఊరుకుంటాం. నలభై రోజులైనా బొంగురు తగ్గకపోతే... అప్పుడూ మిరియాల పాలే! అదే గొంతులో ఏదో ఉండలా అడ్డంపడినట్టు అనిపిస్తే చాలు, క్యాన్సరేమోనని నిద్ర మానేసి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాం. నిజానికి ఈ రెండింటిలో ముందుగా డాక్టరుకు చూపించుకోవాల్సింది మొదటిదాన్ని. రెండోది చాలామందిలో ప్రమాదం లేనిది. భయపడాల్సిన చోట నిర్లక్ష్యం, ధైర్యంగా ఉండాల్సిన చోట భయం... గొంతు విషయంలో మనం చేస్తున్నది ఇదే. ఏది ఎప్పుడు ప్రమాదమో, ఏది కాదో తెలుసుకుందాం.

మాట పుట్టేది ఇక్కడే

మగవారికి మెడ ముందు భాగంలో ఎత్తుగా కనిపిస్తుందే, దాని వెనకే ఉంటుంది స్వరపేటిక. మృదులాస్థితో చేసిన చిన్న పెట్టెలాంటిది. దాని లోపల అడ్డంగా రెండు సన్నటి మడతలుంటాయి. అవే స్వరతంత్రులు. గాలి పీల్చేటప్పుడు ఇవి రెండూ విడిపోయి దారినిస్తాయి. మాట్లాడేటప్పుడు దగ్గరకొస్తాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటి మధ్య నుంచి దూసుకొస్తుంటే అవి కంపిస్తాయి. ఆ కంపనమే స్వరం. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో 200కు పైగా ఇవి ఒకదానికొకటి తగులుతుంటాయి. అంటే ఓ టీచరమ్మ గంటసేపు పాఠం చెబితే ఆమె స్వరతంత్రులు లక్షలసార్లు తాకిడికి గురవుతాయన్నమాట.

అయితే స్వరపేటిక అసలు ఉద్యోగం మాట్లాడించడం కాదు, కాపలా కాయడం. మనం మింగే అన్నం, నీళ్లు గాలిగొట్టంలోకి పోకుండా ఇది తలుపు వేస్తుంది. ఆ తలుపు ఒక్క క్షణం ఆలస్యంగా పడితే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని పెద్దలంటారుగానీ, తలుచుకున్నదెవరైనా దగ్గించి కాపాడింది మాత్రం స్వరపేటికే!

బొంగురు ఎందుకొస్తుంది?

స్వరతంత్రుల అంచులు నున్నగా ఉండి, రెండూ చక్కగా ఆనుకుంటేనే స్వరం స్పష్టంగా ఉంటుంది. వాపొచ్చినా, వాటిమీద ఏదైనా మొలిచినా, ఒకటి కదలకుండా నిలిచిపోయినా మాట బొంగురుపోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది జలుబుతో వచ్చే వాపు. ఇది సాధారణంగా వైరస్‌ల వల్ల వస్తుంది. వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. దీనికి యాంటీబయాటిక్‌ల అవసరం దాదాపు ఉండదు. మందుల షాపులో అడిగి రెండ్రోజులు మింగి మానెయ్యడం అసలే మంచిది కాదు. గొంతుకు విశ్రాంతి, నీళ్లు, ఆవిరి పట్టడం... ఇవి చాలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటుంది. గొంతుకు విశ్రాంతి అనగానే గుసగుసగా మాట్లాడతారు. బలవంతంగా గుసగుసలాడితే గొంతు కండరాలపై ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మాట్లాడక తప్పదనుకుంటే మామూలు గొంతుతో, మెల్లగా, తక్కువ మాటలు మాట్లాడాలి.

ఇక రెండోది గొంతును అతిగా వాడటం. అరవై మంది పిల్లలున్న తరగతి, పైన కిర్రుమనే ఫ్యాను, పక్క గదిలో మరో పాఠం. వీటన్నిటినీ మించి వినపడాలంటే టీచరు అరవాల్సిందే. అలా ఏళ్లతరబడి అరిస్తే, కాయకష్టం చేసేవారి అరచేతుల్లో కాయలు కాసినట్టే స్వరతంత్రుల మీదా చిన్న చిన్న కాయల్లాంటివి ఏర్పడతాయి. వైద్యులు వీటిని నాడ్యూల్స్ అంటారు. టీచర్లు, పాటలు పాడేవారు, హరికథ, బుర్రకథ కళాకారులు, కూరగాయలమ్మేవారు, గట్టిగా అరిచే అలవాటున్న మగపిల్లలు... వీరిలో ఎక్కువ. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం దీని లక్షణం. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాలు గొంతును సరిగ్గా వాడటం నేర్చుకుంటే కరిగిపోతాయి. అరిచే తీరు మార్చుకోకుండా ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ వస్తాయి.

ఒక్కసారి గట్టిగా అరిచిన తర్వాత ఉన్నట్టుండి గొంతు పోతే ఒకవైపు పాలిప్ ఏర్పడి ఉండొచ్చు. దీన్ని చాలావరకు మైక్రోస్కోపు సాయంతో నోటి ద్వారానే తొలగిస్తారు. పైన కోత ఉండదు. ఎక్కువకాలం పొగతాగే ఆడవారిలో స్వరతంత్రులు నీరుపట్టి ఉబ్బి, గొంతు మగగొంతులా మారుతుంది.

గొంతులో లేని జబ్బులూ గొంతును మారుస్తాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే స్వరం బరువెక్కుతుంది. ఉబ్బసానికి స్టిరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు పీల్చిన వెంటనే నోరు పుక్కిలించకపోతే బొంగురు రావొచ్చు. క్షయ స్వరపేటికకూ పాకుతుంది. మన దగ్గర దగ్గుతోపాటు బొంగురు ఉన్నప్పుడు దాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి. ఇంకో విచిత్రం ఉంది. ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం మెదడు నుంచి తిన్నగా గొంతుకు రాదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని మళ్లీ పైకొస్తుంది. అందుకే ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నా, గుండెలో ఎడమ పైగది బాగా ఉబ్బినా మొదట మారేది గొంతు కావచ్చు.

మూడు వారాలే గడువు

ఇంత జాబితా చదివి కంగారు పడాల్సిన పనిలేదు. ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోవాలి. నాలుగు వారాలకు తగ్గకపోతే స్వరపేటికను చూసి తీరాలని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొగతాగేవారు, మెడలో గడ్డ కనిపించినవారు, ఈమధ్యే మెడకు ఆపరేషనైనవారు ఆ గడువు కోసం కూడా ఎదురుచూడకూడదు.

ఈ గడువు వెనక ఉన్నది స్వరపేటిక క్యాన్సర్. చుట్ట, బీడీ, సిగరెట్... ఏది తాగినా దీనికి దారే. దానికి మద్యం కూడా తోడైతే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే మహిళలకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందన్న సంగతి తెలిసిందే. పొగ చేసే కీడు అంగిటితోనే ఆగదు.

అయితే ఈ జబ్బులో ఓ మంచి గుణముంది. స్వరతంత్రుల మీద పుట్టే క్యాన్సర్ దాక్కోదు. ఆవగింజంత ఉన్నప్పుడే గొంతు మార్చి, తానున్నానని చెప్పేస్తుంది. కడుపులోనో, క్లోమంలోనో పుట్టే గడ్డలు ఇలా ముందుగా కబురు పెట్టవు. ఆ కబురు విని వెంటనే వస్తే రేడియేషన్‌తోగానీ లేజర్‌తోగానీ పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి నయమవుతుంది. స్వరమూ చాలావరకు నిలుస్తుంది. ‘చుట్ట తాగే గొంతు కదా, అలాగే ఉంటుందిలే’ అని ఆర్నెల్లు ఆగితే గడ్డ పక్కలకు పాకుతుంది. అప్పుడు కొందరిలో స్వరపేటిక మొత్తాన్నీ తీసెయ్యాల్సి వస్తుంది. ఆ తర్వాత ఊపిరి మెడకు పెట్టిన రంధ్రం గుండానే. అలాంటివారూ శిక్షణతో, చిన్న వాల్వులాంటి కృత్రిమ పరికరంతో మళ్లీ మాట్లాడగలరు. విదేశీ పరికరాలు వేల రూపాయల్లో ఉంటే, బెంగళూరు క్యాన్సర్ సర్జన్ డాక్టర్ విశాల్ రావు పేదల కోసం 50 రూపాయల్లోనే అలాంటిది తయారుచేయించారు. సంతోషమే. కానీ అంతదాకా రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది కదా!

అద్దంతో మొదలైంది

పరీక్ష అంటే భయపడి వాయిదా వేసేవారూ ఎక్కువే. బతికున్న మనిషి స్వరతంత్రులు కదులుతుంటే అద్దంలో చూసి, ఆ వివరాలను లోకానికి చెప్పింది వైద్యుడు కాదు, ఓ సంగీతం మాస్టారు! పేరు మాన్యుయల్ గార్సియా. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఎండను దానిమీదికి మళ్లించి తన స్వరపేటికను తానే చూసుకున్నారు. ఆ విషయాన్ని 1855లో లండన్ రాయల్ సొసైటీకి వివరించారు. నూటొక్కేళ్లు బతికి 1906లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ అద్దం స్థానంలో సన్నటి ఎండోస్కోపు వచ్చింది. ముక్కులో మత్తుమందు స్ప్రే చేసి లోపలికి పంపుతారు. ‘ఈ... అనండి’ అంటారు. నిమిషాల్లో అయిపోతుంది. మంచం ఎక్కక్కర్లేదు. హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ గొంతు జబ్బులకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. ఈ పరీక్ష చేయకుండా నెలల తరబడి మందులు మార్చుకుంటూ పోవడం వృథా.

ఆ వెలక్కాయ సంగతి

గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుందని మనవాళ్లు అంటారు. సామెతగా అనడం వేరు, నిజంగానే ఎప్పుడూ అలా ఉండటం వేరు. గుటక వేస్తే అడ్డం తగులుతుంది. కక్కుదామంటే రాదు, మింగుదామంటే పోదు. దీన్ని వైద్యులు ‘గ్లోబస్’ అంటారు. ఒకప్పుడు దీన్ని హిస్టీరియా అని, ఆడవారి జబ్బని కొట్టిపారేసేవారు. ఇది మగవారికీ వస్తుంది. మనసు కల్పించిన మాయ కాదని, దీనికి పేరు మార్చాలని 1968లో మాల్కమ్సన్ అనే వైద్యుడు ప్రతిపాదించారు.

గుర్తుపట్టడానికి ఓ తేలిక గుర్తుంది. ఈ ఉండ ఉత్తి ఉమ్ము మింగేటప్పుడు బాగా తెలుస్తుంది. అన్నం తినేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు తెలియదు. నిజంగా గడ్డే ఉంటే అన్నమే కదా ముందు అడ్డుపడాలి! గొంతు కింద ఆహారనాళం మొదట్లో ఉండే కండరం బిగుసుకోవడం, పుల్లటి తేన్పులు, ముక్కు వెనక నుంచి కారే కఫం, మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు, దిగులు... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. దుఃఖం వచ్చినప్పుడు గొంతు పూడుకుపోవడం అందరికీ అనుభవమే. తెలిసినవారెవరికో క్యాన్సరని విన్న తర్వాత ఇది మొదలయ్యేవారూ ఉంటారు. భయంతో గుటకలు మింగేకొద్దీ కండరం బిగుస్తుంది, బిగిసేకొద్దీ ఉండ పెద్దదనిపిస్తుంది.

దీనికి మొదటి మందు ఓసారి లోపల చూసి ‘ఏమీ లేదు’ అని డాక్టరు చెప్పే మాటే. గుటక వేయాలనిపించినప్పుడు ఓ గుక్క నీళ్లు తాగాలి. గ్యాస్ మాత్రలు అందరికీ పనికిరావు. బ్రిటన్‌లో ఇలాంటి గొంతు బాధలున్న 346 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికీ ఉపశమనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుండెమంట, పుల్లతేన్పులు ఉన్నవారికి వాటి ఉపయోగం వేరు. ఉత్త ఉండ కోసమైతే ఏళ్లతరబడి మింగాల్సిన పనిలేదు.

అయితే ఈ కింది వాటిలో ఏ ఒక్కటున్నా దాన్ని గ్లోబస్ అని సరిపెట్టుకోకూడదు, వెంటనే చూపించుకోవాలి.

* ముద్ద మింగడం కష్టంగా ఉన్నా, మింగితే నొప్పి పుడుతున్నా
* ఎప్పుడూ ఒకేవైపు బాధ ఉంటే, అదే పక్క చెవిలో పోటు వస్తుంటే
* బరువు తగ్గుతుంటే
* మెడలో గడ్డ చేతికి తగిలితే
* ఉమ్ములో రక్తం పడితే
* బొంగురు కూడా తోడై మూడు వారాలు దాటితే

ఊపిరి తీసుకుంటుంటే కూత వినబడుతున్నా, ఆయాసం వస్తున్నా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తరచూ అడిగే సందేహాలు

మిరియాల పాలు, కరక్కాయ, ఉప్పునీళ్లు పనిచేయవా?

గొంతు మంటకు, నొప్పికి ఉపశమనం ఇస్తాయి. కానీ మనం మింగేదేదీ స్వరతంత్రులను నేరుగా తాకదు. తాకితే పొలమారుతుంది! పుక్కిలించే నీళ్లూ అంతే. వాటిదాకా వెళ్లేది ఆవిరి మాత్రమే. రోజంతా తగినన్ని నీళ్లు తాగుతుంటే అవి తడిగా ఉంటాయి.

మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. గొంతు ఇంకా ఆడపిల్ల గొంతులా ఉంది. ఏం చేయాలి?

మీసాలు, ఎదుగుదల మామూలుగా ఉంటే చాలామందిలో ఇది అలవాటు వల్ల వచ్చేదే. స్వరపేటిక పెరిగినా పాత గొంతుతోనే మాట్లాడుతుంటారు. స్పీచ్ థెరపీతో తొందరగా మారుతుంది. ఇంట్లో, బయట ఎగతాళి చేయడం మానాలి.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు మారింది. మళ్లీ వస్తుందా?

ఆ నరం థైరాయిడ్ గ్రంథిని ఆనుకునే వెళుతుంది. కమిలితే కొన్ని నెలల్లో కోలుకుంటుంది. సర్దుకుంటుందిలే అని కూర్చోకుండా తొలి వారాల్లోనే స్వరతంత్రుల కదలిక చూపించుకుంటే, చికిత్సకు ఎక్కువ దారులుంటాయి.

టీచరుగా గొంతును ఎలా కాపాడుకోవాలి?

బల్లమీద నీళ్ల సీసా ఉండాలి. పిల్లలను నిశ్శబ్దం చేయడానికి అరవకుండా చప్పట్లో, గంటో వాడాలి. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకూడదు. మెడకు తగిలించుకునే చిన్న మైకులు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి, పెద్ద తరగతులకు అవి మేలు. జలుబు చేసి గొంతు పోయిన రోజు రాతపని ఇచ్చి గొంతుకు సెలవివ్వాలి. ఇంట్లో ఎవరి గొంతైనా మారితే, ఏ రోజు మారిందో క్యాలెండరు మీద ఓ గీత గీసిపెట్టండి. ఆ గీత నుంచి మూడు ఆదివారాలు దాటాయంటే సోమవారం ఆసుపత్రికే!