యార్డుల నిలదీసినం, యాప్‌ల ఎవర్ని నిలదీయాలె?

తాండూరు మార్కెట్ యార్డుకు కందులు తీస్కపోతే కమీషన్ ఎంత, హమాలీ ఎంత, తరుగు ఎంత అని మొఖం మీదనే అడుగుతం. అన్యాయమనిపిస్తే గేటు ముంగట కూసుంటం. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు వికారాబాద్, తాండూరు తండాల పిల్లలు ఫోన్లనే పప్పు అమ్ముదామంటున్నరు. మంచిదే. కానీ ఆ సంతల రూలు రాసేది, మార్చేది కంపెనీ ఒక్కటే.

2008 జనవరిలో అమెరికాల ఈబే కంపెనీ ఏం చేసిందో చూడుండ్రి. సరుకు పెట్టే ఫీజు తగ్గించింది. అమ్ముడుపోయినంక తీసుకునే వాటాను మాత్రం మొదటి 25 డాలర్ల మీద 5.25 శాతం నుంచి 8.75కు పెంచింది. కొన్నోళ్లకు చెడ్డ రేటింగ్ ఇచ్చే హక్కును అమ్మేటోళ్ల దగ్గర గుంజుకుంటమని చెప్పింది. ఫిబ్రవరిలో అమ్మేటోళ్లు వారం రోజులు బంద్ పెట్టిన్రు. అయినా మే నెలలో ఆ రూలు అమలైంది.

రేటింగ్ దెబ్బ కూడా చిన్నోనికే. అయిదుగురు కొంటే నలుగురు అయిదు స్టార్లిచ్చి, కొరియర్ లేటయిందని ఒకరు ఒక్క స్టారిస్తే మన సగటు 4.2కు పడ్తది. వెయ్యి రేటింగులున్న పెద్ద దుకాణానికి ఆ ఒక్కటి లెక్కలకే రాదు.

అందుకే తమ్ముడూ, చెల్లే, ఒంటరిగ అకౌంట్ తెరవకుండ్రి. తండా సంఘం పేరు మీద తెరవుండ్రి. ఫీజు మార్చే ముందు తెలుగుల నోటీసు, చెడ్డ రేటింగుకు జవాబు చెప్పే హక్కు అడుగుదాం. దళారుల నుంచి మనల్ని కాపాడనీకే 1956ల గిరిజన సహకార సంస్థను పెట్టిన్రు. ఇయ్యాల దళారి ఫోన్ల ఉన్నడు. మన తరఫున ఆ సంస్థ మాట్లాడాలె, మాట్లాడించే బాధ్యత మనది.