మావారిని నిద్రపుచ్చినందుకు రూ. 7,500

మావారిని నిద్రపుచ్చడం పెద్ద విద్యేం కాదు. ఆదివారం పూట పప్పుచారు, వడియాలు పెడితే చాలు, పేపరు మొహాన కప్పుకుని సాయంత్రం దాకా లేవరు. అందుకు నేనెప్పుడూ ఫీజు పుచ్చుకోలేదు. కిందటి నెలలో ఒక హిప్నాటిస్టుగారు మాత్రం నలభై నిమిషాలు నిద్రపుచ్చి రూ. 7,500 పుచ్చుకున్నారు. సిగరెట్లు మాన్పించడానికిట!

ఈ సలహా మా ఆడపడుచుది. “వదినా, మా ఆఫీసులో ఒకాయన ఒక్క సిట్టింగుతో మానేసేడుట. ఇప్పుడు సిగరెట్టు చూస్తేనే డోకొస్తుందిట” అంది. ఆ ‘ట’లు వినగానే నాకు అనుమానం తగిలింది. కానీ ఇరవైరెండేళ్ళుగా తెల్లారగట్ల బాల్కనీలో ఆ దగ్గు వింటున్నదాన్ని. డాక్టరుగారు గొట్టంలోకి ఊదించి చూసి, “ఇక ఆపకపోతే నా చేతుల్లో లేదు” అనేసి అప్పటికి వారం కూడా కాలేదు. ఏడుకొండలవాడికి ముడుపు కట్టినదాన్ని, హిప్నాటిస్టుకి కట్టనా?

వెళ్ళేం. పడక్కుర్చీ, నీలం బల్బు, ఎక్కడినించో సన్నగా వీణ. “మీ కళ్ళు బరువెక్కుతున్నాయి... పొగంటే మీకు అసహ్యం... మీ ఊపిరితిత్తులు మిమ్మల్ని బతిమాలుతున్నాయి...” మూల స్టూలు మీద కూర్చుని వింటున్న నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవైరెండేళ్ళుగా నేను చెబుతున్నదే, మక్కీకి మక్కీ! నేను చెబితే సాధింపు, ఆయన చెబితే థెరపీ.

పదకొండు రోజులు మావారు సిగరెట్టు ముట్టలేదు. పన్నెండో రోజున ఉతకడానికి తీసిన చొక్కా జేబులో పెట్టె, అగ్గిపెట్టె జంటగా దొరికేయి. ఫోను చేస్తే ఆ పెద్దమనిషి ఏమన్నారో తెలుసా? “ఆయన మనసు పూర్తిగా సహకరించలేదమ్మా. ఇంట్లో వాతావరణం కూడా ప్రశాంతంగా ఉండాలి. ఇంకో మూడు సిట్టింగులు వేసుకుందాం.” అంటే, మానేస్తే ఆయన విద్య గొప్ప, మానకపోతే నా నోరు చెడ్డ! ఈ లెక్క ఏ బళ్ళో చెబుతారండీ?

హిప్నటిజం అంతా బూటకం అనను. నిద్ర అని అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి 1840ల్లో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండు సర్జను ఆ పేరు ప్రచారంలోకి తెచ్చి, ఆనక ఇది నిద్ర కాదు మొర్రో అని తనే పేరు మార్చబోయేడు. ఒళ్ళు వదులు చేసి మనసు ఒకచోట నిలిపితే హాయిగానే ఉండొచ్చు. నా తగువల్లా ‘ఒక్క సిట్టింగులో విముక్తి’ అన్న ఆ బోర్డుతో. 2019లో కొక్రేన్ సంస్థవారు 14 అధ్యయనాలు, 1,926 మంది పొగరాయుళ్ళ లెక్కలు ఒకచోట చేర్చి చూసేరు. కూర్చోబెట్టి మంచీ చెడ్డా చెప్పి మాన్పించే మామూలు పద్ధతుల కన్నా ఇది మెరుగని స్పష్టమైన ఆధారం దొరకలేదు. లాభం ఉన్నా స్వల్పమే అన్నారు. బోర్డు రాయించినాయన ఆ కాగితం చదివినట్టు లేదు.

కోపం ఆయన మీదే కాదు, మావారి మీద కూడా. నికోటిన్‌కి అలవాటుపడ్డ ఒళ్ళు మొదటి రోజుల్లో నానా యాగీ చేస్తుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఆకలి. ఆ యాగీ తనకి తెలియకుండా, తను కళ్ళు మూసుకుని ఉండగా ఇంకెవరో తీసేసి పట్టుకుపోవాలి! మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. మా అమ్మమ్మా తాగేది. అంగిట్లో లేచిన పుండు కాన్సరని తేలిన రోజున చుట్టల కట్ట పొయ్యిలో పడేసింది. ఎవరూ నిద్రపుచ్చలేదు. అప్పటికే ఆలస్యం అయిపోయింది.

ఇంతకీ ఆ జేబులో దొరికిన పెట్టె ఉంది చూసేరూ, బొమ్మ పక్కన దానిమీద ఒక నెంబరు ఉంది. 1800-11-2356. పొగాకు మానదలచినవాళ్ళకి ప్రభుత్వం పెట్టింది. పైసా ఖర్చు లేదు. రోజూ ఆయన చేతిలో తిరుగుతున్నదే! పెట్టె తెచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టేను. మాట్లాడకుండా నిలబడ్డాను. పది నిమిషాలకి ఆయనే ఫోను తీసేరు. మానే తేదీ మీరే చెప్పండన్నారు వాళ్ళు. మళ్ళీ మళ్ళీ ఫోను చేసి కనుక్కుంటున్నారు కూడా. డాక్టరుగారు నికోటిన్ చూయింగ్ గమ్ రాసిచ్చేరు.

ఇవాళ తొమ్మిదో రోజు. పన్నెండోది ఇంకా రాలేదు. నిన్న చారులో ఉప్పు ఎక్కువైందని కంచం ముందునుంచి లేచిపోయేరు. ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా పల్లెత్తు మాట అనకుండా మజ్జిగ కలిపి బాల్కనీలోకి పట్టుకెళ్ళేను. ఊరికే, వట్టి చేతులతో నిలబడి ఉన్నారు.