పార పట్టినవాళ్లకు మాట కూడా ఉండాలి

మా చిలకలూరిపేట నుంచి చూస్తే కొండవీడు కొండలు కనిపిస్తాయి. వాటికి అవతల ఫిరంగిపురంలో 1409 నాటి శాసనం ఉంది. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక సంతానసాగరం అనే చెరువు తవ్వించిందని అందులో ఉంది. ఆ చెరువుకు నీళ్లు తేవడానికి ఆయన కొడుకు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించాడని అమీనాబాదు శాసనం చెబుతుంది. రాజకుటుంబం పేర్లు మనకు తెలుసు. పార పట్టినవాళ్ల పేరు ఒక్కటీ తెలియదు.

కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం కొంత నయం. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు కోసం రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్లు పట్టాయని లెక్క చెప్పింది. పేర్లు లేకపోయినా మనుషులున్నారని ఒప్పుకుంది.

రాజులకంటే ముందూ పదిమంది కలిసి చేసే పని ఉంది. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వినప్పుడు ఇక్ష్వాకుల కట్టడాలే కాదు, అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు గుండ్రంగా బండలు పేర్చి కట్టిన సమాధులూ బయటపడ్డాయి. అలాంటి వాటిని మనవాళ్లు రాకాసి గుళ్లంటారు. ఆ బండలు ఒక ఇంటివాళ్లు కదిలించేవి కావు. పదిమందిని పిలిచి, పదిమందికి వండిపెట్టి, రేపు వాళ్ల పనికి తాము వెళ్లిన మనుషుల పని అదని నేను నమ్ముతాను.

మిరప, పత్తి వేసే మనిషిని నేను. మా అత్త కాలంలో కోతలు బదులు మీద సాగేవి. ఇవాళ నీ చేలో, రేపు నా చేలో. చెరువు పూడిక, కాలువ గడ్డి కూడా వానలకు ముందు ఊరంతా కలిసి తీసుకునేది. దాన్నే కుడిమరామత్తు అనేవారు. అంతకు చాలా ముందే, 1858లో, కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో దీన్ని నిర్బంధ చాకిరీ చట్టంగా మార్చింది. రాకపోతే శిక్ష. ఆండీస్ కొండల్లో ఇంకాలు వంతులవారీగా చేయించుకున్న పనిని స్పెయిన్ దొరలు పొటోసి వెండి గనుల్లోకి తోలిందీ ఇలాగే. పనికి పిలిచేవాడు, దాని ఫలం తినేవాడు వేరైపోతే ఊరి పని వెట్టి అవుతుంది.

మన ఊళ్లలో మాత్రం ఆ ఉమ్మడి పని అంత శుభ్రంగా ఉండేదా? ఉండేది కాదు. గట్టు తెగితే అర్ధరాత్రి నీళ్లలో దిగింది మాలపల్లె, మాదిగపల్లె మనుషులే. మట్టి మోసింది వడ్డెరలు. ఆ నీటి కింద వాళ్లలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. ఆ పద్ధతి తిరిగి రావాలని నేను కోరను.

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక అంతా నీటిపారుదల శాఖ చూసుకుంటుందనుకున్నాం. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. భూమి లేని కూలీకి వాటిలో ఓటు లేదు. కాలువ పనులు టెండర్ల చేతుల్లోకి పోయాయి. పంట బోదెలో జమ్ము, మురుగు కాలువలో తుమ్మచెట్లు పెరిగాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఓగేరు, కుప్పగంజి వాగులు పొంగాయి. మా చేలో దిగిన నీరు బయటికి పోవడానికి దారి లేదు. నల్లరేగడిలో నీరు నిలిస్తే మిరప వేరుకు ఊపిరాడదు. కాయ మీదున్న మొక్క నిలబడే ఎండిపోయింది. అది కోయాల్సిన కుటుంబాలు కర్నూలు వైపు నుంచి వచ్చి, పని లేక తిరిగి వెళ్లాయి. నాకు పంట పోయింది, వాళ్లకు వేసవి దాకా తిండి పోయింది.

అందుకే అడుగుతున్నాను. మే నెలలోనే, వానలు రాకముందే, మురుగు కాలువల పనిని వాగు కలిసే చోటు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఎక్కడ తవ్వాలో గ్రామసభలో రైతు, కౌలుదారు, కూలీ కూర్చుని తేల్చాలి. తవ్విన ప్రతి మనిషికీ పూర్తి కూలి వారంలో చేతికందాలి. బిల్లు మీద అధికారి సంతకం చేసే ముందు ఆ కాలువలో పనిచేసిన ఆడమనిషి ఒకరు, చివరి చేను రైతు ఒకరు పని అయిందని చెప్పాలి.